సగం షట్టరు విజయము

సూదికి దండము. దారమునకు దండము. అరువదేడేండ్ల వయసున సూది బెజ్జములోకి దారమును తోలుకొనిపోవు కండ్లజోడుకు మరీ మరీ దండము.

మూసీనది తన కడుపున ఏండ్లకేండ్లు దాచుకొన్న కోపమంతయు ఒక్క పెట్టున కక్కి, గడపలు దాటి, గోడలు నాని, వాకిట నిలిపిన కార్లను కాగితపు పడవలవోలె ఆడించి, దసరాకు ముంగట భాగ్యనగరవాసులను మిద్దెలెక్కించిన ఆ పెద్ద వరదకు నాలుగేండ్లు నిండి ఐదవది నడుచుచుండగా, ఫాల్గుణ మాసంబున, బేస్తవారము నాడు, సూర్యభగవానుడు ఇంకను మెట్రో వారధిపై కెక్కకముందే, అమీర్‌పేట అను విద్యారణ్యంబున, మైత్రీవనమునకు వెనుకనున్న మూడవ సందున ఒక మహాయుద్ధము మొదలాయెను. అది రాజ్యమునకై జరిగినది కాదు. రాజకన్యకై జరిగినది కాదు. ఎనిమిదడుగుల వెడల్పు గల ఒక దర్జీ దుకాణము తెరచియున్నదా, మూసియున్నదా అను దానికై జరిగినది.

దుకాణములో దర్జీ కూర్చుండే ఉన్నడు. అయినను జరిగినది.

ఆ దర్జీ యెవరందురా? సూచీధరుడు, కర్తరీపాణి, కంఠలగ్నమాపనసూత్రభూషణుడు, అనగా మెడలో కొలత టేపు వేసుకొని తిరుగువాడు, సిరిసిల్ల పద్మశాలి కులాబ్ధిచంద్రుడు, మూడవ తరగతి దాక సరస్వతీదేవి దర్శనము చేసికొని నాలుగవ తరగతి గడప మీదనే ఆ తల్లికి దండము పెట్టి మగ్గపు గుంతలోకి దిగినవాడు, పిదప మగ్గము విడిచి పట్నము వచ్చి నలువది రెండేండ్లుగా న్యూ మార్కండేయ టైలర్స్ అను సామ్రాజ్యమును ఏకచ్ఛత్రముగ నేలుచున్న ఎల్లేశం మాస్టరు. మాట్లాడుట ఆ వీరునకు దారము వృథా చేయుట వంటిది. 'ఔ' అని ఒకటి, 'కాదు' అని ఒకటి, 'ఐతారం రా' అని ఒకటి, ఈ మూడస్త్రములతోనే ఇన్నేండ్ల వ్యాపారము నెగ్గుకొచ్చిండు. మిగిలిన మాటలన్నియు ఆయన ధర్మపత్ని బుచ్చవ్వయే మాట్లాడును. చిన్న పీట మీద కూర్చుండి కాజాలు తీయుచు, గుండీలు కుట్టుచు, ఇద్దరికి సరిపడ మాటలను ఆమె ఒక్క నోటితోనే నడిపించును.

ఇక ఆ సందు సంగతి. అచ్చట గోడకొక ఫ్లెక్సీ, స్తంభమునకొక ఫ్లెక్సీ, కరెంటు డబ్బాకు సైతము రెండు ఫ్లెక్సీలు. జావా, పైథాన్, క్లౌడు అను మంత్రముల ఉపదేశము కొరకు నలుదిక్కుల నుండి బ్యాగులు వీపున దాల్చి వచ్చు శిష్యకోటి మొదట ఎదురుపడునది ఎల్లేశం దుకాణమునకే. "అంకుల్, ఫలానా ఇన్‌స్టిట్యూట్ ఎక్కడ?" "తాత, ఫలానా హాస్టల్ ఏ గల్లీ?" అని దినమునకు నూరు ప్రశ్నలు, ప్రశ్న ప్రశ్నకు ఆగిపోవు మిషను, ఆగిన చోటెల్ల వంకరపోవు కుట్టు. ఆ ప్రశ్నబాణవర్షమును తాళజాలక ఆ మౌనవీరుడు ఆరేండ్ల కిందట ఒక వ్యూహము పన్నెను. షట్టరును తన నడుము దాక దింపి, లోపల లైటు వేసుకొని కుట్టుకొనుట. పాత గిరాకులు వంగి లోపలికి వచ్చెదరు, తొవ్వ అడుగువాండ్లు షట్టరును చూచి ప్రశ్నను మింగిపోయెదరు. దీనికి అర్ధకవాట వ్యూహమని పేరు. బుచ్చవ్వ మాత్రము దీనిని "గీ సగం సావు" అని పిలుచును.

ఆ దుకాణపు కట్టుబాటు మరియొకటి చెప్పవలెను. లేకున్న ముందు కథ అంటుకొనదు. కుట్టు పూర్తయిన బట్టను ఎల్లేశం లైటు కింద పరచి, లోపల బయట తిప్పి చూచును. తప్పు కనబడిన చోట సుద్దతో ఒక చిన్న ఇంటూ మార్కు పెట్టును. ఒక తప్పుకు ఒక గుర్తు, రెండు తప్పులకు రెండు. తిట్టు లేదు, లొల్లి లేదు. గుర్తు పడిన బట్టను విప్పి మళ్ల కుట్టవలసినదే. ఇన్నేండ్లలో ఐదు గుర్తులు పడిన అంగీ ఒక్కటే ఒక్కటి. దానిని కుట్టినవాడు మరునాడే కత్తెర కింద పెట్టి, యూసుఫ్‌గూడలో కోడిగుడ్ల దుకాణము తెరచుకొనెను.

సరే. ఆ బేస్తవారము పొద్దున ఎల్లేశం ఫోను మోగెను. చేసినది దుకాణపు ఓనరు రాజనర్సయ్య.

"ఎల్లేశం, షాపు బంద్ పెట్టినవంట గదా? నాకొక్క మాట చెప్పొద్దా?"

"కాదు."

"కాదంటవేంది? ఫోన్ల సూస్తనే ఉన్న. నీ షాపు పేరు కొట్టిన. శాశ్వతంగా మూసివేయబడింది అని ఎర్రగ రాసున్నది."

"షాపులనే ఉన్న."

"నువ్వుంటివయ్య, షాపు లేదు గద! రేపు పొద్దుగాల పదింటికి ఒక జ్యూస్ పెట్టెటోన్ని తోల్కొస్తున్న. జాగ కొలత తీస్కుంటడట. గా లోపట ఫోన్ల తెరిసున్నదని పడితె చెప్పు, ఆపుత. గంతే."

ఫోను పెట్టివేసెను. తొమ్మిది దినములుగా కొత్త గిరాకు ఒక్కడును వంగి రాకపోవుటకు కారణము ఎల్లేశమునకు అప్పుడు తెలియవచ్చెను. అప్పటిదాక ఎండలకు ఎవరును అంగీలు కుట్టించుకొనుట లేదేమో అనుకొన్నడు. ఆ వీరుని కనుబొమలు ముడివడెను, నాసికాపుటములు అదరెను, కొలత టేపు కాలసర్పమువలె కంఠమున కదలెను, అతడు తన మనోరణరంగమున నిలిచి ఇట్లు గర్జించెను: "ఓరీ అదృశ్యశరీరా! యంత్రాధమా! నలువది రెండు వత్సరములు ఈ కుట్టుమిషను ఢంకావలె మ్రోగుచుండగా, ఈ నా కుడికాలు త్రొక్కిన త్రొక్కుడుకు కాశీకి పోయి రావచ్చునంతటి దూరము పోగై యుండగా, ఊపిరితో నున్న నా దుకాణమునకు నీవెవడవురా సమాధి కట్టుటకు? నిలువుము! నీ అతుకులు విప్పెదను! నీ కాలరు చీల్చెదను!"

అని మనంబున గర్జించి, పైకి మాత్రము "ఆఁ" అనెను.

"ఏంది ఆఁ?" అన్నది బుచ్చవ్వ. "ఎవలు సచ్చిన్రు?"

"షాపు."

ఇంతలో షట్టరు కింద వంగి హరిణి అను బాలిక లోపలికి వచ్చెను. జగిత్యాల పిల్ల. పక్క హాస్టలులో ఉండి క్లౌడు నేర్చుకొనుచున్నది; ఇంటర్వ్యూ కోటుకు చేతులు కురుచ చేయమని ఇచ్చియున్నది. సంగతి విని తన ఫోను తీసి చూచెను.

"ఔ తాత! గిదేంది, నువ్వు పోయినట్టే రాసిన్రు."

"గట్లనకు బిడ్డ," అన్నది బుచ్చవ్వ. "ఎవలు రాసిన్రు, వాని చెయ్యి ఇరుగ."

"పటాల కంపెనీ అమ్మమ్మ. తొవ్వలన్ని సూపిస్తది సూడు, గదే."

"యాడుంటది?" అనెను ఎల్లేశం.

హరిణి తెల్లబోయెను. ఆ కంపెనీ చెప్పిన తొవ్వనే పట్టి జగిత్యాల నుండి ఈ సందు దాక వచ్చిన పిల్ల, ఆ కంపెనీ యాడ ఉంటదని ఎన్నడు అనుకొని ఎరుగదు. "పంజాగుట్టల అద్దాల బిల్డింగ్‌ల ఏదో పెద్ద టెక్ కంపెనీ ఉన్నదంటరు. గదో కాదో నాకెర్క లేదు తాత. జర ఆగు, క్లాసు పిల్లగాండ్లను అడుగుదం."

అట్లు హరిణి ఎల్లేశమును వెంటబెట్టుకొని పోగా, మూల మీది ఇరానీ హోటలులో యుద్ధసభ కూడెను. నిజామాబాద్ దినేశ్, భీమవరం రిషి, ఇద్దరును హరిణితో చదువువాండ్లే, చాయ్ సాసర్ల నడుమ ల్యాప్‌టాపులను డాళ్లవలె నిలిపి కూర్చుండియుండిరి. పటాల కంపెనీ యాడుంటదని హరిణి అడుగుటయే ఆలస్యము, మాట వాండ్ల కంప్యూటర్ల కంపెనీల మీదికి మళ్లి సభ మూడు చీలికలాయెను.

"కిటికీల కంపెనీయే మంచిది," అన్నడు దినేశ్. "అందరికి తెలిసింది. కాకపోతె నేను టెస్టు రాస్తుంటె నడిమిట్ల అప్‌డేట్ అంటది, ముప్పై శాతం కాడ కూసోని గంట సేపు గుండ్రంగ తిరుగుతది."

"అలాంటిదాన్ని మంచిదంటావేంటి?" అన్నాడు రిషి. "కొరికిన పండు వాడి చూడు ఓసారి. వెన్నలా ఉంటుంది."

"ఉంటది మరి. మీ నాయిన రొయ్యల చెరువు అమ్మి కొనిచ్చిండు. గా చార్జర్ పోతె ఇంకో చెరువు తవ్వాలె."

"రెండు దండగే," అన్నది హరిణి. "నాది పెంగ్విన్ బొమ్మది. ఉత్తగనే వస్తది, ఎవ్వని కింద పని చెయ్యది."

"ఉత్తగనే. గని ప్రింటరు నడవాలంటె నాలుగు దినాలు ఉపాసముండాలె," అన్నడు దినేశ్.

ఈ తీరున కిటికీపక్షీయులును, ఫలపక్షీయులును, పక్షిపక్షీయులును మాటల గదాఘాతములతో చాయ్ చల్లారువరకు పోరిరి. ప్రతివాడును తన కంపెనీని తిట్టుచునే మెచ్చుకొనుచుండెను, మెచ్చుకొనుచునే తిట్టుచుండెను. ఒక్కడును మాత్రము దానిని విడువడు. చివరకు రిషి ఎల్లేశం వైపు తిరిగి, "మీరేమంటారు తాతగారూ? మీ అభిప్రాయం ఏంటి?" అని అడిగెను.

అభిప్రాయము! పుట్టి అరువదేడేండ్లు, ఆ మాట పెట్టి తనను ఎవరును అడుగలేదు. పెండ్లి చూపులకు సుత అడుగలేదు. ఎల్లేశం వక్షస్థలమున సముద్రములు పొంగెను. "ఓ బాలకులారా!" అని అతని అంతరాత్మ ఉపన్యసింప దొడగెను. "గుడ్డ పట్టుదా, నూలుదా అని కాదు, కోత విలాయతిదా, మనదా అని కాదు. చంకలో బిగిసిన అంగీని చేతబట్టుకొని గిరాకు తిరిగి వచ్చిన దినమున, దానిని కుట్టినవాడు ఎదుట నిలువబడి 'చూపుము' అనగలడా, అనలేడా? అదియే కదా కొలత! అదియే కదా..."

పైకి, "కుట్టినోడు ఏడుంటడు?" అనెను.

దినేశ్ ల్యాప్‌టాపు వెనుక భాగము తిప్పి చూచుకొన్నడు. అక్కడ ఎవ్వరి అడ్రసు లేదు.

వెంటనే ఎల్లేశం దండయాత్రకు బయలుదేరెను. కవచము: చేతికుట్టు అంగీ. ఆయుధము: కాలరు మడతలో దాచిన సూది, దానికి చుట్టిన తెల్ల దారము. దర్జీ ఎచ్చటికి పోయినను కాలరున సూదితోనే పోవును. పిల్లరు పిల్లరు లెక్కపెట్టుచు, మెట్రో నీడను గొడుగుగ పట్టుకొని, హారన్ల శంఖారావముల నడుమ, షేర్ ఆటోలు అశ్వములవలె మీదికి దూకుచుండగా, సిటీ బస్సులు మదగజములవలె పక్కకు వాలుచుండగా, హెల్మెటు లేని ఒక యోధుడు ఫుట్‌పాత్ మీదనే ఎదురొచ్చి "జర జరుగు తాత" అనగా జరిగి, మరల నడిచి, పంజాగుట్ట చౌరస్తాను మూడు ప్రయత్నములలో దాటి, అద్దాల భవనము ఎదుట నిలిచెను. ఆ అద్దములలో అతనికి మొదట అగపడినది, చెమట పట్టిన ఒక బక్క ముసలివాడు. ఎవడో పాపము అనుకొన్నడు. తానే.

ద్వారమున మహేశ్ అను ద్వారపాలకుడు నిలిచి ఉండెను. నీలి యూనిఫాము, ఛాతీ మీది గుండీ ఒక్క పోగున వేలాడుచుండెను.

"యాడికి పెద్దాయన?"

"కంపెనీ."

"ఏ కంపెనీ? మీద పదకొండున్నయ్."

"పటాలది."

మహేశ్ నవ్వెను; కాని ఎక్కిరింపు నవ్వు కాదు. "గది ఈడ లేదు పెద్దాయన. పోయిన నెల సుత ఒకాయనొచ్చిండు, ఆయన ఇంటి ముంగటి తొవ్వను మురికి నాలా అని సూపిస్తున్నదట. గా కంపెనీకి దర్వాజ ఉండదు. పదేండ్ల సంది దర్వాజలే కాస్తున్న, నాకెర్క గద. ఫోన్లనే చెప్పుకోవాలె, ఫోన్లనే ఏడ్వాలె."

ఎల్లేశమునకు కోపమంతయు ఉన్నది, కొట్టుటకు తలుపు లేదు. ఆ వేలాడు గుండీని చూచుచు చూచుచు, కాలరు నుండి సూది తీసి, "కదలకు" అని, నాలుగు చుట్లు చుట్టి, ముడి వేసి, దారమును పంటితో తెంపెను. మహేశ్ తన గుండీని తానే తడుముకొని చూచి, మీద పదకొండు కంపెనీల మేనేజర్లలో ఎవ్వరికి కొట్టని సెల్యూట్ ఒకటి కొట్టెను.

పంజాగుట్ట దండయాత్రలో సాధించినది, అట్లు, ఒక గుండీ.

తిరిగి వచ్చువరకు మూడు దాటెను. హరిణి ఎల్లేశం ఫోనులోనే దుకాణపు పేజీ తెరచి, ఏవో నాలుగైదు చోట్ల నొక్కి చెప్పెను: "తాత, ఇది మూసిలేదు, తెరిచే ఉంది అని పంపిన. పరిశీలిస్తున్నమని వచ్చింది. ఇంకేమన్న చెప్పేదుంటె ఇగో కిందికి ఉన్నది సూడు, గీ మైకు బొమ్మ నొక్కి మాట్లాడితె అదే రాసుకుంటది. నాకు క్లాసుకు టైమయింది." అని వంగి వెళ్లిపోయెను.

ఎల్లేశం కండ్లజోడు తుడిచి తెరను చూచెను. మీద తన దుకాణపు పేరు. కింద, వరుసగ, లోపల యేమియు లేని ఐదు చుక్కలు. వాని కింద, "మీ అనుభవం ఎలా ఉంది?" అను ప్రశ్న.

ఐదు ఖాళీ గుర్తులు! గుర్తు పెట్టుమని శత్రువే అడుగుచున్నడు! తన దుకాణపు కట్టుబాటు ఇంత దూరము పాకినదని ఎల్లేశము ఎరుగడు. ఇంతటి పెద్ద కంపెనీ, తాను కుట్టినదానిని తానే పరచి, తప్పుకొక గుర్తు పెట్టుమని ఐదు చోట్లు విడిచి పెట్టినది. మర్యాద తెలిసినవాండ్లే అనుకొన్నడు. అనుకొని, న్యాయాధిపతివలె ముక్కాలి పీట మీద నిటారుగ కూర్చుండి, బొటనవ్రేలును అంగీకి తుడుచుకొని, ఒక్కొక్క తప్పును మనంబున నిలిపి, ఒక్కొక్క చుక్కను నొక్కెను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదవ తప్పు దగ్గర వ్రేలు ఒక్క క్షణము ఆగెను. ఐదు గుర్తులు పడినవాడు కోడిగుడ్లు అమ్ముకొనవలసి వచ్చిన సంగతి జ్ఞాపకమాయెను. పాపము, పెద్ద కంపెనీ, ఎంతమంది పిల్లలు పని చేయుచున్నరో. అయినను ధర్మము ధర్మమే. నొక్కెను. ఐదును పసుపు పూసినట్లు వెలిగెను.

పిదప మైకు బొమ్మను నొక్కెను. అది టింగుమని చెవి తెరచెను. ఎల్లేశం మాటల కొరకు వెదకుచుండెను. వెదకుచుండగనే అది టుంగుమని చెవి మూసికొనెను. మరల నొక్కెను. మరల మౌనము, మరల టుంగు. మూడవసారి బుచ్చవ్వ గుండీల డబ్బా పక్కకు పెట్టి, "ఏందయ్య గది, టింగు టుంగు? మాట్లాడేదుంటె మాట్లాడు, లేకుంటె దాన్ని సంపకు" అన్నది.

అప్పుడు ఆ మౌనగిరి పగిలెను. మూడవ తరగతి నుండి పోగై ఉన్న మాటలు, మగ్గపు గుంతలో మింగినవి, మిషను చప్పుడులో మునిగినవి, వరదనీరువలె గొంతు దాక వచ్చి, ఇట్లు వెడలెను:

"ఒకటి. మనిషిని సూడకుండ కొలత రాసిన్రు. రెండు. మెడ తియ్యకుండ అంగీ కుట్టిన్రు, తలకాయ యాడ పెట్టాలె? మూడు. జేబుల చెయ్యి పోతది, ఎన్కకు రాదు. నాలుగు. ఎవ్వలు అడగకున్న నెలకో మోడల్ మారుస్తరు. ఐదు. దారం తెంపకుండ వేలాడేసిన్రు. మల్ల విప్పి కుట్టున్రి."

రాకనే కొలత రాసిరి గనుక ఒకటి. చెప్పుకొనుటకు దర్వాజ లేదు గనుక రెండు. పేరు, నంబరు, ఊరు అన్ని అడిగి తీసికొని తిరిగి యేమియు ఈయదు గనుక మూడు. నిన్నటి బొమ్మ ఇయ్యాల అదే చోట ఉండదు గనుక నాలుగు. పరిశీలిస్తున్నమని వదిలిపెట్టిరి గనుక ఐదు. మాటలన్నియు తెర మీద అక్షరములై నిలిచెను. పంపుమన్న చోట నొక్కెను. "ధన్యవాదాలు! మీ అభిప్రాయం ఎంతోమందికి సహాయపడుతుంది" అని తెర బదులిచ్చెను. శత్రువు చేతులు జోడించెనని ఎల్లేశము మీసము తడుముకొనెను.

బుచ్చవ్వ నోరు తెరచి చూచుచుండెను. "ఎవలతోని మాట్లాడినవ్?"

"కంపెనీతోని."

"నలభై రెండేండ్ల కాపురంల నాతోని ఎన్నడన్న వరుసగ ఐదు మాటలు మాట్లాడినవా?"

ఎల్లేశం హరిణి కోటు తీసి చేతులు విప్పుకొనుచు కూర్చుండెను.

సాయంత్రము ఆరింటికి హరిణి క్లాసు విడిచి నేరుగ దుకాణమునకే వచ్చి, ఫోను తీసి చూచి, మొదట నవ్వు ఆపుకొనెను, పిదప ఆగలేదు, పిదప షట్టరును పట్టుకొని నవ్వెను.

"తాత! నువ్వు కంపెనీకి పెట్టలే. గది నీ షాపు పేజీ. నీ షాపుకే పెట్టుకున్నవ్! ఇగో, న్యూ మార్కండేయ టైలర్స్, మెడ తియ్యకుండ అంగీ కుట్టిన్రు, రాసింది ఎల్లేశం!"

"ఐదు పెట్టిన," అనెను ఎల్లేశం, పట్టు విడువక.

"ఐదు స్టార్లంటె మస్తు మంచిగున్నదని తాత! తప్పులకు కాదు, మెచ్చుకునుడుకు."

"ఐదు?"

"ఐదుకు ఐదు."

విధి వైపరీత్యము చూడుడు! విశ్వవ్యాప్తశత్రుసంహారమునకై వింటినారిని చెవి దాక లాగి విడిచిన బాణము తిన్నగ పోయి, తన ఇంటి వాకిటనే, తన పేరు మీదనే, పసుపు పూసుకొని నిలిచినది. తన ఐదు తప్పులను తానే చాటి, వానికి తానే ఐదు మెచ్చుకోళ్లు ఈయగల వీరుడు మూడు లోకములలో ఇంకొకడు లేడు. ఎల్లేశం చూపు నేలకు వాలెను.

బుచ్చవ్వ మాత్రము పిన్నులు జారి పడునంతగ నవ్వెను. "నా కాజాల మీద ఇన్నేండ్లు సుద్ద గీకినవ్ గదా. గవన్ని మెచ్చుకునుడే అనుకుంట ఇగ!"

"అమ్మమ్మా, గని మనదైతె అయ్యింది," అన్నది హరిణి కండ్లు తుడుచుకొని. "నేను పంపింది ఒప్పుకున్నరు. ఎర్ర రాత పోయింది. ఇగో, తెరిచి ఉంది."

ఎల్లేశం తల ఎత్తెను. "మూసింది ఎవలు?"

"కంపెనోళ్లు ఎవ్వలు రాలె తాత. ఈ సందుల నుంచి పోతుంటె ఫోను అడుగుతది, గీ షాపు తెరిచే ఉన్నదా అని. పోయెటోళ్లు సూస్తరు, షట్టరు కిందికుంటది, మూసిందని నొక్కుతరు. గంతే." ఒక్క క్షణమాగి, కోటు వైపు చూచుచు, "పోయిన నెల నన్ను సుత అడిగింది. నువ్వు అప్పటికి నాకు తెల్వదు," అన్నది.

"నొక్కినవా?"

"నొక్కిన తాత."

ఎల్లేశం ఆ పిల్లను చూచెను, షట్టరును చూచెను, దాని కింద నుండి బయట నడిచిపోవు కాళ్లను చూచెను. చెప్పులు, బూట్లు, చెప్పులు. ఆరేండ్లుగా అతడు ఈ సందును మోకాళ్ల దాకనే చూచుచున్నడు. సందు సుత అతనిని అంతే చూచినది. ఒకటవ తప్పు, మనిషిని సూడకుండ కొలత రాసిన తప్పు, ఏ కుట్టు దగ్గర మొదలైనదో ఇప్పుడు తెలిసినది.

"కోటు రేపు తీస్కపో," అనెను.

అప్పుడే ఒక కొత్త తల షట్టరు కింద వంగెను. తొమ్మిది దినముల పిదప మొదటి కొత్త తల! బేగంపేటలో ఒక హోటలు రిసెప్షనున పని చేయు సుష్మిత అను ఆమె. చేతిలో యూనిఫాము ప్యాంటు, ఇంకొక చేతిలో ఫోను.

"ఇదేనా మార్కండేయ? ఫోన్ల సూసి వచ్చిన. అన్ని షాపులకు సూపర్, సూపర్ అనే ఉంది. మీకు ఒక్కటే రివ్యూ ఉంది. ఇన్ని తప్పులు క్లియర్‌గ రాసి సుత ఐదు స్టార్లిచ్చిండంటె, ఆ మనిషి అబద్ధం చెప్పెటోడు కాదు అనిపించింది. ఎవరండి ఈ ఎల్లేశం?"

"మా పాత గిరాకి బిడ్డ," అన్నది బుచ్చవ్వ తల ఎత్తకుండ. "జర తిక్కలోడు."

"మెడ లేని అంగీ కుట్టిన్రంట?"

"ఒక్కసారే."

ఎల్లేశం ఆమె ప్యాంటు అందుకొని, "ఐతారం రా" అనెను.

వెను వెంటనే ఫోను మోగెను.

"ఎల్లేశం! మల్ల తెరిసినవంట గదా!" అన్నడు రాజనర్సయ్య, కొడుకు పుట్టినంత సంబురముతోని. "ఇప్పుడే సూసిన. మంచి పని చేసినవ్. ఎన్నడు తెరిసినవ్?"

నలువది రెండేండ్ల కిందట అని చెప్పవలెనని ఎల్లేశం అంతరాత్మ రథమెక్కి, శంఖము పూరించి, ధ్వజము నెత్తి సిద్ధమాయెను. ఎల్లేశం దానిని దిగుమనెను.

"ఇయ్యాల," అనెను.

"సంతోషం. జ్యూసోన్ని వద్దంట."

జయము! జయము! తెరచియున్న దుకాణము తెరచియున్నదని నిలిచినది! కొత్తగ గెలిచినది ఏమియు లేదు. పోవునది పోకుండ ఉన్నది. లోకమంతయు ఎరుగునట్లు ఒక వాక్యములో ఒక మాట మారినది. మగ్గములు మోగుగాక! మిషన్లు ఉరుముగాక! అని చాటవలసిన భేరీలు లేకపోవుటచే బుచ్చవ్వ గుండీల డబ్బా మూత తట్టి చప్పుడు చేసెను.

మరునాడు పొద్దున ఎల్లేశం రోజుకన్న ముందు వచ్చెను. తాళము తీసి, షట్టరును ఎప్పటివలె నడుము దాక లేపి, ఆగెను. జేబులో నుండి సుద్ద తీసి, దాని అంచున, సరిగ్గ తన నడుము ఎత్తున, ఒక చిన్న ఇంటూ మార్కు పెట్టెను. పిదప రెండు చేతులు కింద పెట్టి దానిని మీదికి నెట్టెను. ఆరేండ్ల తుప్పు కీచుమన్నది. దుమ్ము తల మీద రాలినది. ఎదుటి హాస్టలు కిటికీలలో నుండి ఇద్దరు ముగ్గురు తొంగి చూచిరి. అది కడదాక పోయి పైకప్పుకు తగిలి నిలిచెను, సుద్ద గుర్తుతో సహా.

ఎండ మిషను దాక వచ్చెను. ఎల్లేశం కూర్చుండి, పాదము తొక్కుడు మీద పెట్టెను. ఒక కుట్టు సుత పడలేదు, వీపున బ్యాగుతో ఒక పిల్లగాడు నిటారుగ నడిచివచ్చి ఎదుట నిలువబడెను.

"తాత, హెచ్-బ్లాక్ బాలికల హాస్టల్ పక్కన పైథాన్ క్లాసంట, యాడ?"

ఎల్లేశం పాదము తీసి, లేచి, వాకిట్లకు వచ్చి, చెయ్యి చాచి చూపెను.

"ఎడమకు తిరిగి, రెండో సందు. మీది అంతస్తు," అనెను. పిల్లగాడు నాలుగడుగులు పోయినాక మళ్ల పిలిచి, "మెట్లు చీకటుంటయ్, పైలం," అనెను.